రేకుల గది

రాధమ్మ చేనిలోకి మేం దిగే ముందు ఒడ్డు మీద వరసగా నిలబడాలి. ఇరవై నలుగురం ఆడపిల్లలం నిలబడేవాళ్లం. ఆమె కొంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచి, రోజూ అదే మాట అడిగేది.

"దూరమున్నోళ్లు ఎవరన్న ఉన్నరానే? ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. చేన్ల కాలు పెట్టినంక తెలిస్తే మంచిగుండదు."

ఎవరూ పలికేవారు కాదు. అప్పుడు ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చేది.

అది 2004 వానాకాలం. మా అమ్మ కిష్టమ్మ, నాయన ఇస్రాయేలు పూనాలో మేడలు కట్టే పనికి పోతూ, ఇటిక్యాల దగ్గరి మా ఊరి నుంచి మమ్మల్నిద్దర్నీ తెచ్చి గట్టు అనే ఊరి దగ్గర రాధమ్మ చేన్లో దించిపోయారు. మా అక్క ధనలక్ష్మికి పద్నాలుగు, నాకు పన్నెండు. మూడు నెలల పని. తిండి అక్కడే, చేని పక్క కొట్టంలో గోనెసంచుల మీద పడక. రాధమ్మ భర్త పోయి నాలుగేళ్లయింది. నాలుగెకరాల సీడు పత్తిని ఆమె ఒక్కతే నెట్టుకొచ్చేది. ఆమె మంచం కూడా మా కొట్టం గుమ్మం దగ్గరే. పురుగుమందు కొట్టడానికి యాదయ్య అని ఒకాయన ఉండేవాడు. మిగతా పనంతా మాది.

సీడు పత్తి పని మామూలు పత్తి పనిలా కాదు. సాయంత్రం పూట ఆడ చెట్ల మీద మర్నాడు విచ్చబోయే మొగ్గలను వెతికి, గోటితో వలిచి, లోపలి పుప్పొడి గిల్లేసి గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకొచ్చి వాటికి అద్దాలి. ఎండ ముదిరేలోపు అయిపోవాలి, లేకుంటే పూలు వాడిపోతాయి. చిన్న వేళ్లు, చిన్న నడుములు కావాలి కాబట్టి ఆడపిల్లలనే పెట్టుకుంటామని రైతులు అనేవారు. అది పైకి చెప్పే మాట. దూరమున్న మనిషి, అంటే ముట్టున్న మనిషి, సీడు చేన్లో అడుగుపెడితే మొగ్గ రాలుతుందని, గింజ పట్టదని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. అందుకే ఇంకా పెద్దమనిషి కాని పిల్లలంటే వాళ్లకు ప్రాణం.

"చెట్టుకు ముక్కుందా, మనల్ని వాసన వట్టనీకి?" అని నేను అక్కను అడిగి మొట్టికాయ తిన్నాను. నాకు నోరెక్కువ. ఊళ్లో బడిలో, చర్చిలో, బావి దగ్గర అందరూ ఆ మాట అన్నవాళ్లే. అక్కకు ఓర్పెక్కువ. మా ఇద్దర్నీ కలిపితే ఒక మంచి పిల్ల తయారవుతుందని అమ్మ అనేది.

మొదటి వారంలోనే జోగులమ్మ అనే పిల్ల ఒడ్డు మీద నిజం చెప్పింది. రాధమ్మ తిట్టలేదు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అని తల నిమిరి, పెరుగన్నం పెట్టించి, ట్రాక్టరెక్కించి ఇంటికి పంపింది. మళ్లీ పిలవలేదు. ఆమె చోట వేరే పిల్లను తెస్తానని అన్నది గాని తేలేదు, మిగిలిన ఇరవై ముగ్గురం ఆ పని పంచుకున్నాం. నిజం చెబితే ఏమవుతుందో అందరికీ తెలిసిపోయింది.

ఆగస్టులో ఒక పొద్దున మోటరు తొట్టి దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మొహం పాలిపోయి ఉంది.

"నా లంగా ఎనక సూడవే."

చూశాను. "ఏమైంది? కంప గీసుకపోయిందా?"

"కాదే. నేను పెద్దమనిషినైన."

ఇంట్లో ఉంటే అమ్మ ఎంత హడావుడి చేసేదో నాకు తెలుసు. మా పెద్దమ్మ కూతురికి అయినప్పుడు చూశాను. చాప వేసి కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచి ముద్దలు పెట్టి, పాటలు పాడారు. మా అక్క తొట్టి పక్కన బురదలో నిలబడి లంగా తడుపుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది.

"రాధమ్మకు చెప్దామక్కా."

"చెప్తే ట్రాక్టరెక్కిస్తది. ఏడికి పోవాలె? ఇంటికి తాళముంది. పెద్దమ్మ ఇంట్ల జాగ లేదు. అమ్మోళ్లు పూనల ఉన్నరు. నువ్వొక్కదానివి ఈడ, నేనొక్కదాన్ని ఆడ. నువ్వు ఉంటవా ఒక్కదానివి?"

నేను ఉండలేను. చీకటి పడితే అక్క చెయ్యి పట్టుకోనిదే నాకు నిద్ర రాదు. ఎవరికీ చెప్పనని ఏసయ్య మీద ఒట్టేశాను. ఆ సాయంత్రం రాధమ్మ వంట సామాన్లలోంచి బెల్లం ముక్క దొంగిలించి అక్క నోట్లో పెట్టాను. అదే మా అక్క పెద్దమనిషి పండగ.

మా ఇద్దరికీ తెలిసిందంతా కలిపినా గుప్పెడు ఉండదు.

"ఒక్కసారే వస్తదా, మల్ల వస్తదా?" అని అడిగాను.

"మల్ల వస్తదంట. ఎప్పుడో తెల్వదు" అంది అక్క.

మా మూట కట్టిన అమ్మ పాత చీరను నాలుగు ముక్కలు చింపింది. అందరికంటే ముందు లేచి ఉతికి, పిండి, పడుకునే గోనెసంచి కింద దాచేది. వానల రోజులు. అవి ఎప్పుడూ ఆరలేదు. తడివే మళ్లీ పెట్టుకునేది. నెల దాటకుండానే దురద, మంట, తర్వాత పుండ్లు. ఒంటికి పోతే పళ్లు కొరుక్కునేది. "ఏమైందక్కా" అంటే "ఊకో" అనేది. కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ వరసల్లో అందరికంటే వెనకబడడం మొదలుపెట్టింది, నేను నా వరస వదిలి ఆమె మొగ్గలు కూడా గిల్లేదాన్ని.

ఆ రోజుల్లోనే గట్టు హెల్త్ సెంటర్ నుంచి ఫరీదా నర్సమ్మ వచ్చింది. జ్వరాల సీజన్ కాబట్టి చేను చేను తిరిగి మాత్రలు ఇస్తోంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు మమ్మల్ని కొట్టంలో కూర్చోబెట్టి, గొడుగు మూలకు ఆనించి, సంచీ తెరిచింది. రాధమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది.

"నన్ను చూసి సిగ్గుపడకుండ్రి. నాకు గూడ ఇద్దరు ఆడపిల్లలే" అని మొదలుపెట్టింది నర్సమ్మ. "నెల నెల వచ్చేది రోగం గాదు, పాపం గాదు. ఒళ్లు మంచిగుందని గుర్తు. కాకపోతే గుడ్డ శుభ్రంగుండాలె. సబ్బుతోని ఉతకాలె. తడిగుడ్డ పెట్టుకుంటే పుండ్లు వడ్తయ్, చెడు లోపలికి పోతది, ముందు ముందు పిల్లలు గాకుంట గూడ అయితది. సందుల్ల, గోనెల కింద దాయొద్దు. మంచి వేడి తగలాలె గుడ్డకు. ఎండల ఆరెయ్యాలె."

పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి కిసుక్కున నవ్వారు. మా అక్క నవ్వలేదు. గోడకు ఆనుకుని, ఒకవైపే బరువు పెట్టి కూర్చుంది. నర్సమ్మ చూపు ఆమె మీద ఆగింది.

"నీకు మొదలైందా బిడ్డా?"

చేటలో పప్పు చప్పుడు ఆగిపోయింది. రాధమ్మ తల ఎత్తలేదు గాని, వేళ్లు కదలడం లేదు. అక్క నేల చూస్తోంది. ఆమె పెదవులు కదలబోవడం నేను చూశాను. చెప్పేసేదేమో. నొప్పి అంతగా ఉంది.

"లేదు నర్సమ్మా. మా అక్కకు ఇంక గాలే" అన్నాను.

"నిన్ను గాదు అడిగింది."

"దానికి మాటలు రావు నర్సమ్మా, దాని మాటలు గూడ నాకే ఇచ్చిండు దేవుడు."

అందరూ ఘొల్లుమన్నారు. నర్సమ్మ కూడా నవ్వింది. కాసేపు నా వైపే చూసి, అక్క చేతిలో జ్వరం మాత్రలు, రక్తం మాత్రలు పెట్టి, "ఏమన్న ఉంటే సెంటర్‌కు రా, భయం లేదు, బేఫికర్‌గ రా" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. చేటలో పప్పు మళ్లీ గలగలలాడింది. నా నోరు మా ఇద్దర్నీ కాపాడిందని నేను లోలోపల మురిసిపోయాను.

మంచి వేడి తగలాలి అన్న మాట మాత్రం నేను గట్టిగా పట్టుకున్నాను. ఆ చేన్లో ఎండకు కరువు లేదు. కనపడకుండా ఆరేసే చోటుకే కరువు. ఏ చెట్టు కొమ్మ మీద వేసినా, ఏ రాయి మీద పరిచినా ఇరవై మంది కళ్లు, ఆ మీద రాధమ్మ కళ్లు. రెండు రోజులు వెతికి చివరికి రేకుల గది కనిపెట్టాను.

చేని చివర నాలుగువైపులా రేకులు, పైన రేకు. యాదయ్య మందు కొట్టే పంపు, పురుగుమందు డబ్బాల పెట్టెలు అందులో పెట్టేవాడు. తలుపుకు తాళం లేదు, వైరు ముక్క చుట్టి ఉంటుంది. నాలుగైదు రోజులకొకసారి ఆయన తప్ప ఎవరూ అటు పోరు. మధ్యాహ్నం లోపల కాలు పెడితే ఒళ్లంతా చెమట. మందు వాసన అంటారా, మాకు అది వాసనే కాదు. ఈరోజు మందు కొట్టిన చెట్ల మీద రేపు మేం చేతులు పెట్టేవాళ్లం. మా గోళ్లలో, జడల్లో, తినే ముద్దలో అదే. మూడో వారానికల్లా ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేసింది.

అన్నాల వేళ వెళ్లి పెట్టెల మీద అక్క గుడ్డలు పరిచాను. సాయంత్రానికి ఎండిన రొట్టెలా కరకరలాడుతున్నాయి. తెచ్చి ఇస్తే అక్క ఒకటి చెంపకు ఆనించుకుంది.

"ఎంత ఎచ్చగున్నదే!" అని నవ్వింది. నెల తర్వాత నవ్వింది.

సెప్టెంబరులో రెండోసారి వచ్చినప్పుడు అలాగే గడిపాం. పుండ్లు మానడం మొదలైంది. అక్క మళ్లీ నా ముందు వరసలోకి వచ్చింది. ఇంత తెలివి నాకెక్కడిదా అని నేను పొంగిపోయాను. ఆ పొంగు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఒకరిద్దరు పిల్లలు నేను అటు నుంచి రావడం చూశారు. "ఏం పనే నీకు ఆడ?" అంటే "పిల్లి ఈనింది" అన్నాను. వాళ్లు పిల్లి పిల్లల్ని చూపించమని అడగలేదు. అడగకపోవడం ఏమిటని నాకు తట్టలేదు.

సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే చేన్లో మొగ్గలు రాలాయి. పదిహేను రోజులుగా వాన లేదు, నేల నెర్రెలిచ్చింది. అది అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా పొద్దున వరసల మధ్య ఎర్ర కాగితాలతో సహా రాలిపడ్డ మొగ్గలను చూసి రాధమ్మ ఒడ్డు మీద కూలబడింది. కాసేపటికి లేచి మమ్మల్ని పిలిచింది. గొంతు మారిపోయింది.

"ఎవరో నన్ను మోసం జేసిండ్రు. ఒక్కొక్కరు వచ్చి చెట్టు వట్టుకోని ప్రమాణం జెయ్యుండ్రి."

అక్క వంతు వచ్చింది. ఆమె వేళ్లు చెట్టు మొదలును తాకాయి. "నాకేం తెల్వదమ్మా" అంది. ఆమె గొంతు నాకే వినిపించలేదు. రాధమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత నేనూ పట్టుకుని ప్రమాణం చేశాను. అందరం చేశాం. రాధమ్మ తన చెయ్యి మాత్రం చెట్టు మీద పెట్టలేదు. యజమానురాలు ఎందుకు పెడుతుంది అనుకున్నాం.

ఆ రోజు నుంచి అక్క నిద్రలో ఉలిక్కిపడేది. "మొగ్గలు నావల్లనే రాలినయేమోనే" అంది ఒకసారి.

"వానలేక రాలినయ్."

"నీకేం తెల్సు?"

నిజమే. నాకేం తెలుసు? అయినా తెలిసినట్టే మాట్లాడేదాన్ని.

అక్టోబరు మొదటి వారంలో మూడోసారి. యాదయ్య కొత్త సరుకు దించినట్టున్నాడు, రేకుల గదిలో పెట్టెలు నడుం ఎత్తుకు పేర్చి ఉన్నాయి. గుడ్డ పరవడానికి చోటు లేదు. విడి డబ్బాలు నాలుగైదు తీసి పైన అటక చెక్క మీద సర్ది, ఖాళీ అయిన చోట గుడ్డ పరిచాను. ఒక డబ్బా మూత వదులుగా ఉంది. తిప్పి బిగించాననే అనుకున్నాను.

సాయంత్రం పోయేసరికి గుడ్డ ఒకవైపు చెమ్మగా ఉంది. పొద్దంతా మబ్బు పట్టింది, అందుకే ఆరలేదనుకున్నాను. పెట్టెల మూలన ఇంకో ముక్క పరిచి, దీన్ని మడిచి జాకెట్లో దోపుకుని తెచ్చాను.

పొద్దున అక్క దాన్ని పట్టుకుని చూసింది. "జర తడిగున్నదే, రూతూ."

"నీ ఒంటి వేడికే ఆరుతది, పెట్టుకో" అన్నాను.

నేను అన్న మాటలన్నిట్లో అది ఒక్కటి వెనక్కి తీసుకోగలిగితే చాలు.

ఒడ్డు మీద రాధమ్మ అడిగింది. ఎవరూ పలకలేదు. చేన్లోకి దిగాం. పూలు అద్దడం సగం కూడా కాలేదు, పక్క వరసలో అక్క ఆగిపోయింది. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. అంత ఎండ లేదు. "కండ్లు మసక మసకయితున్నయే" అంది. నోట్లోంచి చొంగ కారుతుంటే మోచేత్తో తుడుచుకుంది, మళ్లీ కారింది. వాంతి చేసుకుంది. కూర్చోబోయి పక్కకు ఒరిగింది. ఆమె చేతి కండలు చర్మం కింద వాటంతట అవే అదురుతున్నాయి. నేను అరిచిన అరుపుకు యాదయ్య చేని అవతలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆయన ఒక్క చూపు చూసి, "మందు తాగింది" అన్నాడు.

రాధమ్మ నెత్తి కొట్టుకుంది. జీపు వచ్చేదాకా, జీపులో గద్వాల దాకా అక్క తల ఆమె ఒళ్లోనే ఉంది. "ఏం తక్కువ జేసిన్నే నీకు? నా బిడ్డ లెక్క సూస్కుంటి గదనే" అని గొణుగుతూ తన కొంగుతోనే ఆ చొంగ తుడుస్తోంది. ఆమె మీద నాకు ఉన్న కోపమంతా ఆ దారిలో ఎటో పోయింది.

దవాఖానలో డాక్టరు అక్క కంటిరెప్ప ఎత్తి బ్యాటరీ వేశాడు. కంటిపాప ఆవగింజంత ఉంది.

"పురుగుమందు. తాగి ఎంతసేపయింది?"

"తెల్వదు సారూ. పొద్దుగాల మంచిగనే ఉండె" అంది రాధమ్మ.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. పొద్దున తిన్న జొన్నరొట్టె తునకలు, తర్వాత తేట నీళ్లు. సూదులు వేశారు. కాస్త తేరుకున్నట్టే ఉంది. కాసేపటికి మళ్లీ చెమటలు, మళ్లీ చొంగ. డాక్టరు మళ్లీ సూది వేయించాడు. గొట్టంలోంచి వచ్చిన నీళ్ల బకెట్ వైపు చూసి నర్సుతో అన్నాడు.

"కడుపులో ఏమీ లేదు. మరి ఇంకా ఎక్కణ్ణుంచి ఎక్కుతోంది దీనికి?"

ఆ మాట నాకు అర్థమైంది. ఆ గదిలో అర్థమైంది నాకొక్కదానికే. అక్క లంగా ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది.

నా పక్కనే రాధమ్మ నిలబడి ఉంది. చెబితే అక్క చెట్టు పట్టుకుని చేసిన ప్రమాణం అబద్ధమవుతుంది, నాదీ అవుతుంది. రాలిన మొగ్గలన్నీ మా మీద పడతాయి. ఏసయ్య మీద వేసిన ఒట్టు ఒకటి. నోరెక్కువ అని పేరున్న నాకు నోరు పెగల్లేదు. సెలైను సీసాలో నీళ్లు సగానికి దిగేదాకా అలాగే నిలబడ్డాను. ఆ సగం సీసా సేపు నేను మా అక్కను చంపుతూ నిలబడ్డాను. ఇంకో రకంగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

తర్వాత వెళ్లి నర్సు కోటు అంచు పట్టుకుని లాగాను.

"అక్క దగ్గర గుడ్డుంది."

"ఏం గుడ్డ?"

"ముట్టుగుడ్డ. మందుల గదిల ఆరేసినం."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, గబగబా పోయి మంచం చుట్టూ తెర లాగింది. లోపల నీళ్ల చప్పుడు వినిపించింది, చాలాసేపు. బయటికొచ్చినప్పుడు ఆమె చేతికి తొడుగులున్నాయి, ఆ చేతిలో మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచి ఉంది. "ఇంకెవరన్న ఇట్ల ఆరేసుకుంటున్నారా అక్కడ?" అని అడిగింది. లేదన్నాను. మేమిద్దరమే అన్నాను. నా తెలివి నాకొక్కదానికే ఉందని అప్పటికీ నమ్ముతున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి అక్క కళ్లు తెరిచింది. రాధమ్మ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు తాగినవే? ఎవడన్న ఏమన్న అన్నడా? నిజం చెప్పు బిడ్డా, నేనేమనను."

అక్క నన్ను చూసింది. తర్వాత పైకప్పు చూసింది.

"అమ్మ యాదికొచ్చింది. తాగిన."

రాధమ్మ బయటికి పోగానే నేను మంచం మీదికి వంగాను. "ఎందుకే గట్ల చెప్పినవ్? ఈడి నర్సుకు తెల్సు, డాక్టరు సారుకు తెల్సు."

"వాళ్లు మన ఊరోళ్లు గాదు." ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటోంది. "మందు తాగిన పిల్లంటే నాలుగు దినాలు అనుకుంటరు, మర్సిపోతరు. ముట్టుతోని చేన్ల తిరిగింది, మొగ్గలు రాలగొట్టింది అంటే మనోళ్ల పిల్లల్ని ఎవ్వలనూ మల్ల సీడుకు పిలువరు. నువ్వు చెప్పకు. చెప్తే నాతోని మాట్లాడకు."

చావు నుంచి లేచి వచ్చి మా అక్క అడిగిన మొదటి కోరిక అది. సరేనన్నాను.

మూడో రోజు ఇటిక్యాల నుంచి పెద్దమ్మ వచ్చి అక్క దగ్గర కూర్చుంది. అమ్మా నాయనా సాయంత్రానికి పూనా నుంచి దిగుతారని కబురొచ్చింది. రాధమ్మ చేనికి పోతుంటే మా మూట తెచ్చుకుందామని నేనూ జీపెక్కాను.

మేం చేరేసరికి పిల్లలు పూలు అద్దుతున్నారు. మూట కట్టుకున్నాక, అక్కడ మిగిలిన మా గుడ్డముక్క ఒకటి తీసి పారేద్దామని రేకుల గదికి పోయాను. వైరు విప్పి తలుపు తీశాను.

మా ముక్క నేను పెట్టిన చోటే ఉంది. అది గాక ఇంకా నాలుగు ఉన్నాయి. ఒకటి పంపు వెనక, ఒకటి పెట్టెల సందులో, ఒకటి తలుపు పక్క రేకు మడతలో. ఒకరిది ఇంకొకరికి కనిపించకుండా దాచుకున్నారు. నాలుగోది మూత వదులైన డబ్బా కింద, నేను ఖాళీ చేసిన చోట, ముడతలు లేకుండా నీటుగా పరిచి ఉంది. దాని ఒక అంచు చెమ్మగా, ముదురు రంగులో ఉంది.

ఫరీదా నర్సమ్మ మాట ఆ రోజు విన్నది నేనొక్కదాన్నే కాదు. కొట్టంలో ఉన్నవాళ్లందరూ విన్నారు.

అక్కకిచ్చిన మాట గుర్తుంది. అయినా ఒక కర్ర తీసుకుని దాని చివరకు ఆ నాలుగింటినీ ఎత్తి చేని ఒడ్డు మీదికి నడిచాను. పొద్దు బాగా ఎక్కింది. అందరికీ కనిపించేలా కర్ర ఎత్తి అరిచాను.

"మా అక్క మందు తాగలే! మా అక్క ముట్టుగుడ్డ రేకుల గదిల ఆరేసినం. దానికి మందంటింది. ఒంట్లకెక్కి సావుదాక పోయింది. ఇవి గూడ ఆడనే ఉన్నయ్. ఎవరివో వచ్చి చెప్పుండ్రి. పెట్టుకున్నోళ్లుంటే ఇప్పుడే తీసెయ్యుండ్రి, సస్తరు!"

ఇరవై ఒక్క తలలు పత్తి చెట్ల మీదుగా లేచాయి. ఎవరి చేతిలో పువ్వు వారి చేతిలో ఆగింది. ఒక్కరూ కదల్లేదు. యాదయ్య అటు తిరిగి నిలబడ్డాడు.

వరసల మధ్య నుంచి రాధమ్మ వస్తోంది. కొంగు నడుముకు దోపి ఉంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా కర్ర దించకూడదనుకుని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కర్ర కొంచెం తేలికైంది. కళ్లు తెరిచి చూస్తే ఆమె పిడికిట్లో ఒక గుడ్డ ఉంది. డబ్బా కింద నీటుగా పరిచి ఉన్నది అది.

ఆమె నన్ను చూడలేదు. మెడ మీద చెమట కారుతోంది.

"యాదయ్యా, అగ్గిపెట్టె ఆడ పెట్టి పో" అంది.

ఆయన పోయాక ఆమె తన గుడ్డను ఒడ్డు మీద వేసి నిప్పంటించింది. అందరూ చూస్తుండగానే వేసింది. తర్వాత చేని వైపు తిరిగింది.

"మిగిలిన మూడు ఎవరియే?"

అడిగిన తీరు మెత్తగానే ఉంది. ఆమె అంత మెత్తగా అడగడం నేను అంతకు ముందు వినలేదు. కానీ ఆమె నిలబడింది రోజూ నిలబడే ఒడ్డు మీద, రోజూ అడిగే చోట. పిల్లలు రోజూ ఉన్నట్టే ఉన్నారు. గాలికి ఎర్ర కాగితాలు రెపరెపలాడుతున్నాయి. రెండోసారి అడిగింది. "ఏమనన్నే. ఇంటికి పంపను. చెప్పుండ్రి." ఎవరూ పలకలేదు.

ఎండ ముదురుతోంది. అందరి చేతుల్లో పూలు వాడడం మొదలుపెట్టాయి.

"పనికి పోండ్రి" అంది చివరికి రాధమ్మ.

మిగిలిన మూడింటినీ నేనే మంటలో వేశాను. వాళ్లు మళ్లీ వరసల్లోకి వంగారు. ఆ ముగ్గురెవరో కనుక్కోవాలని ఒడ్డు మీద నిలబడి ఒక్కొక్కరి నడక చూశాను, మొహం చూశాను, చెమట చూశాను. ఇరవై ఒక్కమందీ కాళ్లు ఎడంగా వేస్తూ, పళ్ల బిగువున, మెల్లగా నడుస్తున్నారు.